కుడి పక్క కప్పు

అబిగయీలు వెనక చక్రం చువ్వలన్నీ తుడిచేసి, డీజిలు గుడ్డ మడత మార్చుకుని పెడళ్ళ దగ్గరికి వచ్చింది. హేచరీ నుంచి రాగానే రోజూ చేసే పనే. ముందు బిందెడు మంచినీళ్ళు బండి మీద పోసి ఉప్పు కడగాలి, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత డీజిలు గుడ్డ. ఒక్క పూట మానినా సముద్రపు గాలి ఊరుకోదు. రంగు పోయిన చోటల్లా ఇనుము ఎర్రగా పూసి కూర్చుంటుంది.

కుడి పెడలు పట్టుకుని తుడుస్తుంటే అది పక్కకు కదిలింది. తిరగాల్సిన వైపు కాదు, పక్కకు. ఊడబోయే పన్ను నాలుకకు తగిలినట్టు తగిలింది ఆమె చేతికి.

"ఏంది పాపా ఆ చప్పుడు?" అన్నాడు లాజరస్. ఆమె తండ్రి. పంచలో, తన పేరు రాసిన రేకు బోర్డు కింద బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పల్లెలో సైకిళ్ళున్న రోజుల్లో ఆ పంచే షాపు. ఇప్పుడు అందరికీ మోపెడ్లూ మోటారు సైకిళ్ళూ వచ్చాయి. ఆయన చేతికి పని చెప్పే బండి ఊరు మొత్తం మీద కూతురిదొక్కటే మిగిలింది. అయినా క్రిస్మస్‌కి ఇంటికి సున్నం కొట్టినప్పుడల్లా బోర్డు మీద అక్షరాలు మళ్ళీ దిద్దుతాడు.

"పెడలు ఊగతా ఉంది నాయనా. పొద్దున కాలవ కట్ట మీద గొలుసు కూడా రెండుసార్లు జారింది. అందుకే ఆలస్యమైంది."

"ఆలస్యమైందా? సుకుమార్ ఏమన్నా అన్నాడా?"

అన్నాడు. సుకుమార్ హేచరీలో సూపర్‌వైజరు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రొయ్యపిల్లల తొట్ల మధ్య నిలబడి, మేత గిన్నె వేరే మనిషి చేతిలో పెట్టి, మెల్లగానే చెప్పాడు. సోమవారం కొత్త పిల్లలు వస్తున్నాయనీ, తెల్లవారుజాము మేతకు తొట్టి దగ్గర లేని మనిషిని తను పెట్టుకోలేననీ, పనికి మనుషులు గేటు బయట అడుగుతూనే ఉన్నారనీ. అబిగయీలు తలూపింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే. అంత పొద్దున్నే పల్లె నుంచి హేచరీకి ఆటో లేదు, బస్సు లేదు. కాలువ కట్ట మీద చీకట్లో నడిచి వెళితే మేత అయిపోయాక చేరుతుంది.

"సోమవారం నుంచి టైముకుండాలన్నాడు," అంది.

లాజరస్ లేచి వచ్చి, వంగి, పెడలు పట్టుకుని ఊపాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఊపాడు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది. చాన్నాళ్ళకు పేరు పెట్టి పిలిస్తే పలికినవాడిలా ఉన్నాడు.

"బి.బి. పోయింది," అన్నాడు. "కుడి పక్క కప్పు."

పెడళ్ళు రెండూ కలిసేచోట, ఫ్రేములో అడ్డంగా ఒక పొట్టి గొట్టం ఉంటుంది. అందులో ఇరుసు. ఇరుసుకు అటూ ఇటూ చిన్న ఇనుప గుండ్లు. ఆ గుండ్లు తిరగడానికి చోటిస్తూ, బయటికి రాలకుండా కాస్తూ, గొట్టానికి రెండు పక్కలా రెండు కప్పులు మరల్లో బిగించి ఉంటాయి. ఇదంతా కలిపి షాపుల్లో బి.బి. అంటారు. అబిగయీలుకి ఇది పలకా బలపం పట్టకముందే తెలుసు. ఎడమ కప్పు వాకిలి, కుడి కప్పు గోడ అనేవాడు లాజరస్. గ్రీజు పెట్టాలన్నా గుండ్లు మార్చాలన్నా ఎడమది విప్పితే చాలు. కుడిదాన్ని ఫ్యాక్టరీలో ఒకసారి బిగించారంటే మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకోవాల్సి వస్తే మాత్రం ఒక సంగతి మరిచిపోకూడదు. తొక్కేకొద్దీ ఆ పక్క కప్పు వదులై బయటికి రావాలని చూస్తుంది. అందుకని దానికి మర తిరగేసి కోస్తారు. లోకంలో అన్నీ ఎడమకు తిప్పితే విప్పుకుంటాయి, అదొక్కటీ కుడికి తిప్పితే విప్పుకుంటుంది. తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు లాజరస్ చెప్పే మొదటి పాఠం అదే. అది తెలియక బళ్ళు పాడు చేసుకుని తెచ్చినవాళ్ళను చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాడు కూడా.

"రేపు చేసేస్తా," అన్నాడు.

"రేపు ఆదివారం నాయనా."

లాజరస్ ఆదివారం పానా ముట్టడు. పెళ్ళివాళ్ళ బండి దారిలో ఆగిపోయి వచ్చినా ముట్టలేదు. భార్య బతికున్నప్పుడు ఈ పంతం మీద ఇంట్లో చాలా మాటలు నడిచాయి. కానీ అప్పటికే చీకటి పడుతోంది, ఆయన కళ్ళకు దీపం వెలుగులో మరలు కనబడవు.

"గుడి అయినాక చేస్తా," అన్నాడు. "గాడిద గుంటలో పడితే విశ్రాంతి దినమైనా తీయమన్నాడు గదా ప్రభువు."

*

ఆ బండి కథ వేరు. సునామీ వచ్చిపోయాక సాయం చేయడానికి వచ్చినవాళ్ళలో ఒక తెల్లావిడ ఉండేది. డేరాల్లో పిల్లలకు మందులిచ్చేది. తమ సామానుతోపాటు ఓడలో వచ్చిన పాత సైకిలు మీద పల్లెలన్నీ తిరిగేది. దానికి పంచరు పడ్డప్పుడల్లా లాజరస్ వేసేవాడు, ఏమీ తీసుకునేవాడు కాదు. వెళ్ళిపోయే రోజు ఆమె సైకిలు తెచ్చి పంచలో నిలబెట్టి, అబిగయీలు బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. అప్పటికి అబిగయీలు పెడళ్ళు అందనంత పిల్ల.

"ఇంగ్లీషోళ్ళ బండి," అని చెప్పుకునేవాడు లాజరస్ వచ్చినవాళ్ళకల్లా. తెల్లవాళ్ళంటే ఆయన లెక్కలో ఇంగ్లీషువాళ్ళే. "మన బళ్ళన్నిటికీ అమ్మ ఇది. దీన్ని చూసే మనోళ్ళు నేర్చుకునింది." ఇన్నేళ్ళలో ఎడమ కప్పు ఎన్నిసార్లు విప్పి గ్రీజు పెట్టాడో లెక్కలేదు. కుడి కప్పు జోలికి పోలేదు. గోడ జోలికి ఎవరు పోతారు?

ఆదివారం గుడి నుంచి వస్తుండగా రాఘవమ్మ ఎదురైంది. పక్క వీధి మనిషి. అబిగయీలు సైకిలు వెనక కూర్చుని తనూ హేచరీకి వస్తుంది.

"ఏం లాజరన్నా, నీ ఇంగ్లీషు దొరసాని మూలగతా ఉందంట గదా. నా బరువుకా?"

"నీ నోటి బరువుకి," అన్నాడు లాజరస్. "రేపు పొద్దున చూడు, పూల మీద కూర్చున్నట్టుంటాది."

"చూస్తా. లేకపోతే నా దారి నేను చూసుకోవాల. ఐసు మోసే పెంచలప్రసాద్ మోపెడ్డు అటే పోతాది, పెట్టె మీద ఒకరికే జాగా, ముందే చెప్పి పెట్టుకుంటున్నా." ఆమె నవ్వుతూనే అంది. అబిగయీలు మాత్రం ఆ నవ్వు వెనక మాట విన్నది.

లాజరస్ తెల్ల చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పెట్టె తెరిచాడు. అడుగున, గ్రీజు కాగితంలో చుట్టి దాచిన కొత్త కప్పు తీసి కూతురికి చూపించాడు. ఎప్పుడో నెల్లూరులో కొన్నది, ఎవరి బండికీ వేయకుండా ఉంచింది.

"దీని కోసమే ఉంచినట్టుంది," అన్నాడు.

సుత్తితో పిన్ను కొట్టి కుడి క్రాంకు, పెడలుండే కడ్డీ, తీశాడు. పెడలు, పళ్ళ చక్రం, గొలుసు అన్నీ పక్కకు వచ్చాయి. లోపల ఇరుసు కొన కనిపిస్తోంది. దాని చుట్టూ ఆ కప్పు. అబిగయీలు ఫ్రేము పట్టుకుంది. లాజరస్ కప్పు అంచుకు పానా తగిలించి, తనకు తెలిసిన వైపు, కుడికి తిప్పాడు.

కప్పు సులువుగా కదిలింది.

"చూసినావా," అన్నాడు. "వస్తా ఉంది."

కొద్దిగా తిరిగి ఆగింది. ఆయన అరచేతులు తుడుచుకుంటున్నంతలో అబిగయీలు ఇరుసు కొన పట్టుకుని ఊపి చూసింది. ఊపడం ఆమెకు అలవాటైపోయింది, నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఊపిందో. ఇప్పుడు ఇరుసు ఊగలేదు. వేలితో తిప్పితే చక్కగా తిరిగింది.

"నాయనా, ఇప్పుడు ఊగడంలా."

"ఊ."

"బిగిసినట్టుంది. ఇట్టనే ఉంచేద్దామా?"

"బిగిసింది కాదు పాపా, ఇరుక్కునింది. మరల్లో తుప్పు పొడి ఉంటాది. కప్పు జరిగేసరికి అంతా ఒక చోట కూడుకుంటాది." ఆయన ఓపిగ్గానే చెప్పాడు. "ఇట్ట వదిలేస్తే రేపు కట్ట మధ్యలో మళ్ళీ ఊగతాది. చీకట్లో నువ్వూ ఆ రాఘవమ్మా కాలవలో పడతారు. అరకొర పని చేసి నిన్ను పంపిస్తానా?"

అబిగయీలు ఇంకొకసారి ఇరుసు తిప్పి చూసింది. ఏదో చెప్పాలనిపించింది. ఫ్రేము మళ్ళీ పట్టుకుంది. బి.బి. సంగతి ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

డీజిలు పోశాడు. కాసేపు ఆగి చుట్టూ సుత్తితో తట్టాడు. మళ్ళీ కుడికి తిప్పాడు. కదల్లేదు. ఇంటి వెనక నుంచి పాత పంపు గొట్టం తెచ్చి పానా పిడికి తొడిగాడు. పిడి ఎంత పొడుగైతే బలం అంత. ఒక కాలు ఫ్రేము మీద పెట్టి, రెండు చేతులా గొట్టం మీద వాలాడు. మెడనరాలు పైకి తేలాయి. కప్పు కొంచెం, గోరంత, ముందుకు జరిగింది.

"వస్తా ఉంది," అన్నాడు ఊపిరి బిగబట్టి. "పట్టుకో పాపా. గట్టిగా."

ఆమె గట్టిగా పట్టుకుంది. ఆయన రెండో కాలు కూడా నేల మీద నుంచి ఎత్తి, ఒంటి బరువంతా గొట్టం మీద వేశాడు.

ఎండు కొబ్బరి చిప్ప పగిలినట్టు ఒక చప్పుడు అయ్యింది. లాజరస్ గొట్టంతో సహా బోర్లాపడ్డాడు. అబిగయీలు తండ్రిని లేపడానికి పోబోయి, తన చేతుల మధ్య ఉన్న ఫ్రేము వంక చూసి ఆగిపోయింది. ఇరుసు గొట్టం ఈ కొస నుంచి సగం దాకా నిలువునా చీలి ఉంది. ఇన్నేళ్ళు లోపల్నుంచి ఉప్పు తిన్న ఇనుము. నోరు తెరుచుకున్న గొట్టంలోంచి కప్పు తనంత తనే జారి, మట్టిలో పడి, కొంచెం దూరం దొర్లింది.

లాజరస్ లేచి కూర్చున్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. దాన్ని చూసుకోలేదు.

"ఆదివారం పానా ముట్టినా నేను," అన్నాడు.

*

సోమవారం ఒక్క పూట సెలవు ఇప్పించమని రాఘవమ్మతో కబురు చెప్పి పంపి, అబిగయీలు ఫ్రేము భుజాన వేసుకుని అల్లూరు దాకా నడిచి, అక్కడ నెల్లూరు బస్సెక్కింది. చక్రాలు తీసేస్తే ఆ బండి చిన్న పిల్లంత బరువుంది. కండక్టరు దాన్ని వెనక సీటు పక్కన నిలబెట్టనిచ్చాడు. రెండు కప్పులూ, పాతదీ కొత్తదీ, చీర కొంగున ముడేసుకుంది.

రంగనాయకులు షాపు నుంచే లాజరస్ ఒకప్పుడు సామాను తెచ్చుకునేవాడు. ఇప్పుడు అక్కడ ముందు వరుసలో గేర్ల సైకిళ్ళు వేలాడుతున్నాయి, కాలేజీ పిల్లలు కొనేవి. రంగనాయకులు కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని ఫ్రేముని బల్ల మీద పడుకోబెట్టాడు. చీలిక మీద వేలు నడిపించాడు. ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చిన కొత్త కప్పు గొట్టం మూతికి పెట్టాడు. అది ఏ మరనూ తాకకుండా, బావిలోకి చెంబు జారినట్టు లోపలికి జారిపోయింది. వేలు పెట్టి దాన్ని బయటికి లాగాడు.

"ఇది మన బళ్ళది. దీనికి పట్టదు," అన్నాడు. "చీలకముందైనా పట్టదు. దీని గొట్టం పెద్దది."

పాత కప్పు తీసుకున్నాడు. ఒక చేత్తో చీలికని నొక్కి మూసి, రెండో చేత్తో కప్పుని మరల్లో పెట్టి, మామూలు సీసా మూత బిగించినట్టు కుడికి తిప్పాడు. మెత్తగా లోపలికి వెళ్ళింది. ఎడమకు తిప్పాడు. మెత్తగా బయటికి వచ్చింది.

"ఎవరమ్మా విప్పింది?"

"మా నాయన."

"ఎటు తిప్పినాడు?"

అబిగయీలు చేతితో చూపించింది. రంగనాయకులు కప్పుని బల్ల మీద పెట్టాడు.

"అటు తిప్పితే ఇది బిగుస్తాదమ్మా."

ఆమెకు అర్థమైంది. అయినా ఆయన చెబుతూ ఉంటే నిలబడి విన్నది. ఇంగ్లీషువాళ్ళ లెక్కా మన లెక్కా ఒకటేనట. కుడి పక్క మర తిరగేసి ఉంటుంది. ఈ బండి ఇటలీదట, వాళ్ళు అట్లా కొయ్యరట. రెండు పక్కలా ఒకటే మర, మామూలు మర. అందుకే వాళ్ళ బళ్ళకు తొక్కగా తొక్కగా కుడి కప్పు కొంచెం కొంచెంగా వదులవుతుందట. వదులైనప్పుడు కుడికి తిప్పి బిగించుకుంటే సరిపోతుందట. పని ఏమీ లేదట.

"మీ నాయన తప్పేం లేదు," అన్నాడు రంగనాయకులు. "నాకైనా ఈ గేరు బళ్ళు వచ్చినాక తెలిసింది. పని రానోడైతే మామూలుగా ఎడమకు తిప్పి విప్పేసుండేవాడు. పని తెలిసినోడు గనకనే కుడికి తిప్పినాడు."

"అతికిస్తే ఉంటాదా?"

"అతికించొచ్చు. మర పోతాది. మర లేకపోతే కప్పు నిలవదు. కప్పు నిలవకపోతే ఇంకేముంది." ఆయన ఫ్రేముని ఎత్తి, పసిబిడ్డను అందించినట్టు జాగ్రత్తగా ఆమెకు అందించాడు. "పాత ఇనుముకి వెయ్యకు. గోడకు తగిలించుకో. మంచి బండి."

బస్సులో కూర్చున్నాక అబిగయీలుకి ఒకటి గుర్తుకొచ్చింది. డేరాల దగ్గర ఇసకలో ఆ తెల్లావిడ కూర్చుని, మీ ఊరేదని పిల్లలు సైగ చేస్తే, పుల్లతో ఒక బూటు బొమ్మ గీసింది. మడమ పొడుగు బూటు. పిల్లలందరూ నవ్వారు. ఊరు అడిగితే బూటు గీస్తుందేమిటని. ఆమె కూడా నవ్వి, బూటు మధ్యలో వేలు పెట్టి, నా ఇల్లు ఇక్కడ అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత బడిలో పటం చూసినప్పుడు ఆ బూటు ఏ దేశమో అబిగయీలుకి తెలిసింది. తెలిసి ఏం లాభం? దేశానికొక మర ఉంటుందని ఏ బడిలో చెబుతారు?

నిన్న ఇరుసు ఊగడం మానింది. అది తన వేళ్ళకు తెలిసింది. తండ్రి బాగు చేసేశాడు, తనకే తెలియకుండా, మొదటి తిప్పుకే.

*

అల్లూరులో బస్సు దిగి నడిచి వచ్చేసరికి పొద్దు వాలింది. రాఘవమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టి ఆమె కోసమే నిలబడినట్టు నిలబడి ఉంది. ఫ్రేము వంక ఒకసారి చూసింది.

"అమ్మే, నేను చెప్పినా సెలవని," అంది. "విన్నాడు. ఊ అన్నాడు. మధ్యాన్నానికి అనూషని తెచ్చి నీ తొట్టి కాడ పెట్టినాడు. పెంచలప్రసాద్ చెల్లెలు. అన్న మోపెడ్డు ఉండాది గదా ఆ పిల్లకి."

"నువ్వెట్ట పోయినావు?"

"ఈ పూట ఐసు పెట్టె మీద కూర్చున్నా. రేపటి నుంచి ఆ పిల్ల కూర్చుంటే నాకెక్కడ జాగా?" రాఘవమ్మ బిందె చంకకెత్తుకుంది. "నేను కూడా మానుకోవాల్సిందే. నిన్ను అననులే. నీ దొరసానిని కూడా అనను."

అబిగయీలు ఫ్రేము తెచ్చి పంచలో గోడకు ఆనించింది. కప్పులు పెట్టె మీద పెట్టింది. లాజరస్ బల్ల మీద నుంచి లేవలేదు.

"ఏమన్నాడు?"

"తుప్పు తినేసిందంట నాయనా. ఎవరు చేసినా చీలేదంట."

"కొత్త కప్పు?"

"చూళ్ళా. గొట్టం పోయినాక కప్పెందుకన్నాడు."

ఆయన తలూపాడు. "తుప్పు ఎప్పుడూ ఉండేదే. ఆదివారం ముట్టినా నేను," అన్నాడు మెల్లగా. ఆ మాట ఆయనకు కాస్త ఆసరాగా ఉన్నట్టుంది. అబిగయీలు దాన్ని కదిలించలేదు. చారు కాచి, అన్నం పెట్టింది.

"రేపు పనికో?"

"సెలవు చెప్పినా. సుకుమార్ సరేనన్నాడు. బండి సంగతి చూసుకుని రమ్మన్నాడు."

"మంచోడే," అన్నాడు లాజరస్.

మంగళవారం తెల్లవారేసరికి అబిగయీలు పెరట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. వెళ్ళాల్సిన చోటు లేకపోయినా మెలకువ ఆ వేళకే వచ్చింది. పంచలో ఇనుము ఇనుముకు తగిలిన చిన్న చప్పుడు వినిపించింది. మెడ తిప్పి చూస్తే తెరిచి ఉన్న తలుపుల్లోంచి తండ్రి కనిపించాడు. ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు. చీలికని అరచేత్తో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో పాత కప్పుని మరల్లోకి ఎక్కిస్తున్నాడు. తనకు తెలిసిన వైపే, ఎడమకు తిప్పుతున్నాడు. అది పట్టడం లేదు. జారి ఒళ్ళో పడుతోంది. తీసి మళ్ళీ పెడుతున్నాడు.

ఆమె చేతిలో బూడిద పీచు ఆగిపోయింది.

ఇంకోసారి పెట్టాడు. ఈసారి వేళ్ళు ఎందుకో అటు కాక ఇటు కదిలాయి. కప్పు మెత్తగా, చప్పుడు లేకుండా, లోపలికి వెళ్ళింది. లాజరస్ కదలకుండా ఉండిపోయాడు. తర్వాత దాన్ని బయటికి తిప్పాడు. మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి. అట్లా ఎంతసేపు తిప్పాడో. ఆ తర్వాత కొత్త కప్పు తీసి గొట్టం మూతి దగ్గర పెట్టాడు. అది జారిపోయి లోపల ఎక్కడో ఠంగుమంది. దాన్ని బయటికి తీయలేదు.

తల ఎత్తి చూశాడు. పెరటి వాకిట్లోంచి కూతురు తనవైపే చూస్తోంది. ఆమె చూపు దించుకోలేదు, దించుకునే వ్యవధి లేకపోయింది. నిన్న సాయంత్రం ఆమెకు తెలిసే చెప్పలేదని ఆయనకు ఆ చూపులో కనిపించి ఉండాలి.

లాజరస్ ఫ్రేముని గోడకు ఆనించాడు. డీజిలు గుడ్డ తీసుకుని వేళ్ళ సందులన్నీ తుడుచుకున్నాడు, పని పూర్తి చేసిన మనిషిలా. మేకుకున్న తెల్ల చొక్కా, ఆదివారం చొక్కా, తీసి తొడుక్కుని గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. దువ్వెన తడిపి తల దువ్వుకున్నాడు. ఆయన ఎక్కడికి బయలుదేరాడో ఆమెకు తెలిసింది. సుకుమార్ మంచివాడని, సెలవిచ్చాడని ఆయన నమ్ముతున్నాడు. తప్పు నాది, పిల్లది కాదు, నాలుగు రోజులు ఓపిక పట్టు అని చెప్పుకోవడానికి బయలుదేరాడు. ఆయన నడకకి కట్ట దాటేసరికి ఎండెక్కుతుంది. చేరేసరికి అనూష మేత చల్లి, గిన్నె కడిగి బోర్లించి ఉంటుంది.

వద్దని చెప్పాలంటే దాచిన రెండో సంగతి, పని పోయిందని, కూడా చెప్పాలి. అబిగయీలు నోరు తెరిచింది, బూడిద చేతులతో లేచి నిలబడింది కూడా. లాజరస్ ఆమె వైపు చూడలేదు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుని, బోర్డు కింద నుంచి తల వంచి బయటికి వెళ్ళిపోయాడు.